డబ్బు వాళ్ళదైతే సంఘం ఎవరిది?

పోయిన నెల గాజువాకలో మన సంఘాల సమావేశం జరిగింది. మామూలుగా మన సమావేశాలకి ముప్ఫై మంది వస్తే గొప్ప. ఆ రోజు వందకి పైగా వచ్చారు. స్టీల్ ప్లాంటు నిర్వాసిత కాలనీల నుంచి, పెదగంట్యాడ నుంచి, నగరంలోని రెల్లివీధుల నుంచి, అనకాపల్లి పక్క పల్లెల నుంచి వచ్చారు. ఎందుకొచ్చారో దాచుకోవలసిన పని లేదు. డబ్బు సంగతి మాట్లాడటానికి వచ్చారు.

ఒక పెద్ద నగరంలోని దాతృత్వ సంస్థ మన సంఘాలకి సాయం చేస్తానని కబురు పెట్టింది. మూడేళ్ళపాటు ఆరుగురు కార్యకర్తలకి నెలజీతం, ఆఫీసుకి అద్దె, ఒక మోటారు సైకిలు, ఒక కంప్యూటరు, శిక్షణ శిబిరాల ఖర్చు ఇస్తామన్నారు. ప్రజల్ని సంఘటితం చెయ్యడానికే ఈ డబ్బు అన్నారు. వాళ్ళ కాగితంలో మాత్రం ఆ మాట లేదు, 'సముదాయ నాయకత్వ వికాసం' అని ఉంది. చివరి పేజీలో షరతులున్నాయి. ధర్నాలు, రాస్తారోకోలు, కోర్టు కేసులకి ఈ డబ్బు ఖర్చు పెట్టరాదు. జీతం తీసుకునే కార్యకర్తలు వాటిలో పాల్గొనరాదు. ఆర్నెల్లకోసారి ఇంగ్లీషులో రిపోర్టు పంపాలి.

రెండు గంటలు వాదించుకున్నాం. కాంట్రాక్టు పని పోయిన ఒక కుర్రాడు లేచి మా ముఖం మీదే అడిగాడు: "మాస్టారూ, మీకు నెల తిరిగేసరికి జీతం వస్తాది. త్యాగం గురించి మీరు ఎంతైనా మాట్లాడగలరు. నేను రోజంతా సంఘం పని చేస్తే మా ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతాది?" కాసేపటికి రెల్లివీధి నుంచి వచ్చిన ఒక ముసలమ్మ, చీపురు పట్టి నగరాన్ని నలభై ఏళ్ళు ఊడ్చిన మనిషి, కూర్చున్న చోటినుంచే అంది: "ఆళ్ళిచ్చిన డబ్బుకి ఆళ్ళకే లెక్క సెప్తారు. మరి మాకెవులు సెప్తారు బాబూ?"

ఆ రోజు మేం ఆ ఇద్దరిలో ఎవరికీ సరైన జవాబు చెప్పలేకపోయాం. ఇప్పుడు చెప్పడానికి ప్రయత్నిస్తున్నాం.

ముందు కుర్రాడి మాట. డబ్బు లేకుండా ఉద్యమం నడుస్తుందని చెప్పేవాళ్ళు కడుపు నిండినవాళ్ళే. కూలివాడు ఒక పూట సభకి వస్తే ఒక పూట కూలి పోతుంది. 2022లో విశాఖ జిల్లాని మూడు జిల్లాలు చేశారు. అంతకు ముందు ఒక కలెక్టరేటుకి తిరిగేవాళ్ళం. ఇప్పుడు విశాఖకి, అనకాపల్లికి, పాడేరుకి మూడు చోట్లకి తిరగాలి. ఆ బస్సు చార్జీలు ఎవరిస్తారు? అర్జీకి, జిరాక్సుకి, వకీలు గుమస్తాకి ఎవరిస్తారు? అందుకని ఆ సమావేశంలో "డబ్బు తీసుకుందాం" అన్నవాళ్ళని మేం అమ్ముడుపోయినవాళ్ళు అనం. అలా అనే హక్కు నెలజీతం ఉన్న మాకు అసలే లేదు.

అయితే ఈ ప్రశ్న మనకి కొత్తగా వచ్చింది కాదు. బాబాసాహెబ్ ముందుకీ ఇదే వచ్చింది.

1932 సెప్టెంబరు 24న పూనా ఒప్పందం జరిగింది. వారం తిరక్కుండానే, సెప్టెంబరు 30న, బొంబాయిలో అస్పృశ్యతా వ్యతిరేక సంఘం పుట్టింది. తర్వాత అదే హరిజన సేవక సంఘం అయింది. అధ్యక్షుడు ఘనశ్యామదాస్ బిర్లా, కార్యదర్శి ఠక్కర్. దేశమంతటా విరాళాలు పోగుచేశారు. ఆ నవంబరులో మూడో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళుతూ అంబేడ్కర్ ఓడలోనుంచి ఠక్కర్‌కి ఒక ఉత్తరం రాశారు. ఆయన అడిగింది సూటి విషయం. అంటరానివాడిలో లోపం ఉందనుకుని అతన్ని బాగుచెయ్యడానికి ఈ డబ్బు ఖర్చు చేస్తారా, లేక అతన్ని అణిచిన సమాజాన్ని మార్చడానికి చేస్తారా? బడి, లైబ్రరీ, తాగుడు మాన్పించడం, ఇవన్నీ మొదటి దారి. ఊరి బావిలో నీళ్ళు తోడుకోవడం, ఊరి బడిలో పిల్లల్ని చేర్చడం, ఊరి చావడిలోకి అడుగుపెట్టడం, బళ్ళలో అందరితో ఎక్కడం, ఈ హక్కుల కోసం ఊరూరా పోరాటం నడపడం రెండో దారి. డబ్బుని, మనుషుల్ని ఈ రెండో దారిలో పెట్టండి అన్నారు. తలలు పగులుతాయని, కేసులు పడతాయని కూడా ముందే హెచ్చరించారు. ఆ పని చేసేవాళ్ళు బాధితుల నుంచే రావాలన్నారు. ఆ ఉత్తరం అందినట్టు కూడా తనకి జవాబు రాలేదని 1945లో అచ్చయిన తన పుస్తకంలో ఆయన రాశారు.

అదే పుస్తకంలో ఇంకో సంగతి ఉంది. ఆ సంఘం పాలకవర్గంలో మాకూ చోటు కావాలని మనవాళ్ళు వెళ్ళి గాంధీని అడిగారు. ఇది హిందువులు చేసుకునే ప్రాయశ్చిత్తం, పైగా డబ్బు హిందువులు ఇచ్చింది, కాబట్టి హిందువులే నడపాలి అన్నది ఆయన జవాబు. చూశారా? మన పేరు మీద సంఘం. మన పేరు మీద విరాళం. కుర్చీ మాత్రం వాళ్ళది, ఎందుకంటే డబ్బు వాళ్ళది. రెల్లివీధి ముసలమ్మ ఈ పుస్తకం చదవలేదు. అయినా అందులోని సారం ఒక్క ముక్కలో చెప్పింది.

ఇప్పటి సంగతి చూద్దాం. మన చుట్టూ ఉన్న డబ్బు రెండు రకాలు.

ఒకటి కంపెనీల డబ్బు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో రెండు శాతం సామాజిక పనులకి ఖర్చు పెట్టాలి. పోర్టు, పరిశ్రమల ఊరు కాబట్టి మన దగ్గర దీని గుర్తులు వీధివీధినా కనిపిస్తాయి. మంచినీళ్ళ ప్లాంటు, బడి సంచులు, కుట్టుమిషన్లు, అన్నిటి మీదా కంపెనీ పేరు. తీసుకోవద్దని మేం అనం. మన భూమి మీద, మన గాలి పాడుచేసి, మన చెమటతో వచ్చిన లాభం అది. అయితే చట్టం చివర ఉన్న పనుల జాబితా చూడండి. చదువు ఉంది, ఆరోగ్యం ఉంది, మంచినీళ్ళున్నాయి, మురికివాడల అభివృద్ధి ఉంది. కూలి రేటు కోసం సంఘం పెట్టుకోవడం లేదు. కాంట్రాక్టు కార్మికుడి పెళ్ళానికి కుట్టుమిషన్ ఇస్తారు. ఆ కార్మికుడు యూనియన్ పెడితే ఎవరిస్తారు?

రెండోది విదేశీ డబ్బు. దీనికి ఎమర్జెన్సీలో 1976లో మొదటి చట్టం తెచ్చారు. 2010లో కొత్త చట్టం చేశారు. 2020 సెప్టెంబరులో దాన్ని ఇంకా బిగించారు. ఆ డబ్బు ఢిల్లీలోని ఒకే ఒక స్టేట్ బ్యాంకు శాఖలో దిగాలి. ఆఫీసు, పరిపాలన ఖర్చు ఇరవై శాతం దాటకూడదు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఇంకొకటి. ఒక సంస్థ తనకి వచ్చిన విదేశీ డబ్బుని ఇంకో సంస్థకి ఇవ్వకూడదు. అంటే నగరంలోని పెద్ద సంస్థ పల్లెలోని చిన్న సంఘానికి పంచే దారి మూసేశారు. 2022లో సుప్రీంకోర్టు ఈ సవరణలు చెల్లుతాయంది. గుజరాత్‌లో దళితుల కోసం ఏళ్ళ తరబడి పనిచేసిన నవసర్జన్ ట్రస్టుకి 2016 డిసెంబరులో విదేశీ నిధుల అనుమతి రద్దు చేశారు. ఒక్క ఉత్తర్వుతో జీతాలు ఆగిపోయాయి, కార్యకర్తలు ఇళ్ళకి వెళ్ళవలసి వచ్చింది. వాళ్ళ పని తప్పని మేం అనటం లేదు. అంత పని చేసినవాళ్ళకే ఆ గతి పట్టింది. గొంతు ఎత్తే సంఘం తాళంచెవి పరాయి చేతిలో ఉంటే దాన్ని ఎప్పుడైనా తిప్పెయ్యొచ్చు.

ఇంతదూరం ఎందుకు? మన కళ్ళముందు జరిగింది చెబుతాం. అనకాపల్లి పక్కన ఒక పల్లెలో ఇరవై ఏళ్ళ కిందట మాదిగపేటలో మంచి సంఘం ఉండేది. వేపచెట్టు కింద కూర్చునేవాళ్ళు, తలా రూపాయి వేసుకునేవాళ్ళు. ఒక ప్రాజెక్టు వచ్చింది. మీటింగుకి వస్తే టిఫిను, బస్సు చార్జీ ఇచ్చారు. చెట్టు కింద కూర్చోవడం మానేసి అద్దె గదిలో కుర్చీలేసుకున్నారు. రూపాయి వెయ్యడం మానేశారు, ఎందుకంటే అవసరం లేకపోయింది. మూడేళ్ళకి ప్రాజెక్టు అయిపోయింది. బండి తీసుకుపోయారు, గది ఖాళీ చేశారు. నాలుగో ఏడు డి-పట్టా భూమి మీద భూస్వామి ట్రాక్టరు దిగింది. అర్జెంటు మీటింగు పెడితే ఏడుగురు వచ్చారు. "టిఫిను లేదా?" అని అడిగినవాడు కూడా ఉన్నాడు. నవ్వు రాలేదు మాకు. ఆ మనిషిని అలా తయారుచేసింది మనమే.

ప్రాజెక్టుకి మూడేళ్ళు. మన కష్టానికి ఎన్నేళ్ళో లెక్కెయ్యండి. కారంచేడు హత్యాకాండ 1985 జులై 17న జరిగింది. సుప్రీంకోర్టు ఆఖరి తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. ఇరవై మూడేళ్ళు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుని, 2007లో ఇరవై ఒక్క మందికి యావజ్జీవ శిక్ష వేయించేదాకా పదహారేళ్ళు పట్టింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఇటు మన ఉత్తరాంధ్రలో లక్షింపేటలో 2012 జూన్ 12న మద్దువలస ప్రాజెక్టు భూముల దగ్గర ఐదుగురు దళితుల్ని చంపారు. చుండూరులో పదహారేళ్ళు సాక్షి జారిపోకుండా, బెదిరింపుకి లొంగకుండా నిలబడ్డాడంటే ఏ దాత ఇచ్చిన మూడేళ్ళ బడ్జెట్టు నిలబెట్టింది? పక్కింటివాడు నిలబెట్టాడు. సంఘం నిలబెట్టింది.

మరి బయటి డబ్బు పూర్తిగా పాపమా? కాదు. సంస్థలన్నీ దొంగలని అరిచే అలవాటు మనలో కొంతమందికి ఉంది. అది తప్పు. మన విశాఖ మన్యంలోనే, అనంతగిరి మండలం నిమ్మలపాడులో గిరిజనుల భూముల్ని గనులకి లీజుకిచ్చినప్పుడు, సమత అనే స్వచ్ఛంద సంస్థ ఆ జనంతో కలిసి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి గనుల లీజు చెల్లదని 1997 జులైలో తీర్పు వచ్చింది. దేశమంతటా ఆదివాసులు ఇవాళ్టికీ ఆ తీర్పు పేరు చెబుతున్నారు. సంస్థ ఉండటం నేరం కాదు. జనం స్థానంలో సంస్థ కూర్చోవడం నేరం.

ఇంకొక మాట. దాతల దగ్గరకి పోయే ముందు మనకి హక్కుగా రావలసిన డబ్బు ఎంతుందో చూసుకోవాలి. అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, నియమాలు 1995లో వచ్చాయి. ఆ నియమాల ప్రకారం విచారణకి వచ్చే బాధితులకి, సాక్షులకి దారి ఖర్చు, భత్యం ప్రభుత్వమే ఇవ్వాలి. బాధితులు కోరితే పేరున్న సీనియర్ వకీలుకి ఫీజిచ్చి కలెక్టరు పెట్టవచ్చు. మనలో ఎంతమంది అడిగాం? మురికి కాలువలో దిగి చనిపోయినవాళ్ళ సంగతి చూడండి. సఫాయి కర్మచారీ ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకి వెళ్ళింది. దాని నాయకుడు బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. 2014లో ఒక్కో చావుకి పది లక్షల పరిహారం ఇవ్వాలని తీర్పు వచ్చింది. 2023 అక్టోబరులో ఇంకో కేసులో కోర్టు దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. అలాగే ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం 2013లో వచ్చింది. దళిత సంఘాలు రోడ్డెక్కితే వచ్చింది. ఏ దాతా ఇవ్వలేనంత డబ్బు మీద ఆ చట్టం మనకి హక్కునిచ్చింది. సంఘటితం కావడానికి పెట్టిన రూపాయి ఎన్ని రూపాయలు తెచ్చిందో చూడండి. దాతలు సంఘాన్ని వదిలి కుట్టుమిషన్ల వైపు పోవడం వాళ్ళ ఇష్టం. మనం పోకూడదు.

అయితే ఆ రూపాయి ఎక్కడినుంచి రావాలి?

మన ఊరు యూనియన్ల ఊరు. పోర్టులో, డాక్‌లో, ఉక్కులో చందా రసీదు అంటే తెలియనివాడు లేడు. 1926 కార్మిక సంఘాల చట్టం తెల్లదొరల కాలపుది. అందులో కూడా ఒక తెలివైన మాట ఉండేది. యూనియన్ సాధారణ నిధి వేరు, రాజకీయ నిధి వేరు. రెండో నిధికి ఇష్టమైనవాడే ఇస్తాడు, బలవంతం లేదు. రెండు పెట్టెలన్నమాట. మన సంఘాలకీ ఇదే కావాలి.

సముద్రాల అవతల కూడా ఇదే జరిగింది. అమెరికాలో మాంట్‌గోమరీ పట్నంలో నల్లవాళ్ళు 1955 డిసెంబరులో బస్సులు ఎక్కడం మానేశారు. 381 రోజులు ఎక్కలేదు. అంతమందిని పనులకి చేరవెయ్యడానికి కార్లు తిప్పారు. కార్లకి పెట్రోలు కావాలి. జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి తోటి ఆడవాళ్ళని కూడగట్టి, భోజనాలు, కేకులు చేసి అమ్మి, వారం వారం సభకి డబ్బు తెచ్చేది. ఎక్కడిదమ్మా ఈ డబ్బు అంటే ఎక్కడిదీ కాదు అనేది. ఆ గుంపుకి పేరే అలా పెట్టుకున్నారు, పనిచేసే ఇళ్ళ తెల్లవాళ్ళకి తెలిస్తే పని పోతుందని. బయటినుంచి వచ్చిన పెద్ద విరాళాలు కూడా ఆ ఉద్యమానికి ఉన్నాయి. ఆ వంటలక్కల డబ్బు వల్ల మాత్రం ఆ పెట్రోల్లో తమ వాటా ఉందని ప్రతి పనిమనిషికీ తెలిసింది.

"పేదోళ్ళ దగ్గర వసూలు చెయ్యడం దోపిడీ కాదా?" అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. కాదు. ఐదు రూపాయలిచ్చినామె లెక్క అడుగుతుంది. ఇవ్వనివాళ్ళు అడగరు, అడిగినా మనం చెప్పం. డబ్బిచ్చినవాళ్ళ ముందు చేతులు కట్టుకు నిలబడటం లోకరీతి. ఎవరి ముందు నిలబడాలో ఎంచుకునే స్వేచ్ఛ మాత్రం మనకుంది. దాత ముందు నిలబడతామా, రెల్లివీధి ముసలమ్మ ముందు నిలబడతామా?

ఇక మా సంగతి. మాలో చాలామందిమి సాంఘిక సంక్షేమ హాస్టల్ అన్నం తిని, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివి, ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళం. జయంతికి ఒక ఫ్లెక్సీ, వర్ధంతికి ఒక దండ, అక్కడితో రుణం తీరిందనుకుంటున్నాం. 1978లో కాన్షీరాం బాంసెఫ్ పెట్టింది ఉద్యోగస్తుల డబ్బు, చదువు, తీరిక సమాజానికి తిరిగి రావాలనే. మేం ఇవ్వకపోవడం వల్లే కదా ఆ కుర్రాడు పరాయి జీతం వైపు చూశాడు? ముందు మా మీద మేం వేసుకోవలసిన నింద ఇది. అయితే మేం ఇస్తే మేమూ దాతలమే. కాబట్టి పై షరతు మాకూ వర్తిస్తుంది. మాస్టారు డబ్బిచ్చాడు కాబట్టి మాస్టారే అధ్యక్షుడు అంటే హరిజన సేవక సంఘాన్ని మళ్ళీ పెట్టుకున్నట్టే.

మా ప్రతిపాదనలు ఇవి. ప్రతి పల్లెలో చదివి వినిపించండి, తిట్టండి, సరిదిద్దండి.

1. ప్రతి సంఘానికి రెండు పెట్టెలు. సంఘం పెట్టెలో సభ్యుల చందా, మనవాళ్ళ విరాళం మాత్రమే. సభ, ప్రయాణం, ధర్నా, కేసు, కరపత్రం దీనిలోంచే. సేవ పెట్టెలో బయటి డబ్బు పడవచ్చు. పిల్లల పుస్తకాలకి, ట్యూషన్‌కి, వైద్యానికి మాత్రమే వాడాలి.

2. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి బయటి జీతం తీసుకోరాదు. తీసుకునేవాళ్ళు ఆ పని చేసుకోవచ్చు, పదవి వదలాలి.

3. ఏ దాత కాగితమైనా సంతకానికి ముందు తెలుగులో సర్వసభ్య సమావేశంలో చదవాలి. నోరు కట్టే షరతు ఒక్కటున్నా వెనక్కి పంపాలి.

4. నెలనెలా రెండు పెట్టెల లెక్కా తెలుగులో రాసి గోడకి అంటించాలి. చదువు రానివాళ్ళకి చదివి వినిపించాలి.

5. ఉద్యోగస్తులు నెలనెలా ఇవ్వాలి. రసీదు తీసుకోవాలి. ఇచ్చినందుకు పదవి అడగరాదు.

ఆ కుర్రాడికి మా జవాబు లెక్కతో చెబుతాం. మూడు వందల ఇళ్ళు నెలకి ఇరవై రూపాయలిస్తే ఆరు వేలు. అరవై మంది ఉద్యోగస్తులు నెలకి రెండు వందలిస్తే పన్నెండు వేలు. మొత్తం పద్దెనిమిది వేలు. ఆరుగురికి కాదు, ఇద్దరికి తొమ్మిది వేల చొప్పున వస్తుంది. అది చాలదని మాకు తెలుసు తమ్ముడూ. ఆ సంస్థ ఇస్తానన్నదానికి సగం కూడా కాదు. కాని ఆ తొమ్మిది వేలు తిన్నవాణ్ణి ధర్నాలో కూర్చోవద్దని చెప్పే మొనగాడు ఉండడు. మేం ఈ నెల నుంచి మా వాటా వేస్తున్నాం. రసీదు పుస్తకం నీ చేతికే ఇస్తాం. మేం ఎగ్గొడితే మా పేర్లు ఈ పత్రికలోనే అచ్చువెయ్యి.

ఆ సంస్థకి కూడా జాబు రాశాం. పదో తరగతి పిల్లల ట్యూషన్ కేంద్రాలకి డబ్బు ఇవ్వండి, సంతోషంగా తీసుకుంటాం, లెక్క చెబుతాం, మా సంఘానికి జీతాలు వద్దు, మా నోటికి షరతులు వద్దు అన్నాం. జవాబు ఇంకా రాలేదు.

వచ్చినా రాకపోయినా ఏప్రిల్ 14 లోపు ప్రతి పేటలో పెట్టె పెడదాం. తాళం ఆ పేటలోని ఒక ఆడమనిషి కొంగున ఉండాలి. ముసలమ్మ అడిగిన లెక్క మొదట ఆమె వీధిలోనే చెబుదాం.

జై భీమ్!